ఆముదం తాగిన బ్యాంటమ్

మా అత్తమ్మ మీద నాకున్న ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పెద్దది ఇది: మోటారు సైకిల్ వెనక సీటు ఎక్కగానే ఆమె కళ్ళు మూసుకునేది. మూసుకుంటే మూసుకోనీ, ప్రార్థన అనుకుందాం. ఆ మూసుకున్న కళ్ళతోనే నాకు దారి చెప్పేది. "పక్కకు తియ్యి పిల్లా, ఎడ్లబండి వస్తున్నది" అనేది. ఆ ఎడ్లబండిని దాటి అప్పటికి ఫర్లాంగు దూరం వచ్చేసి ఉండేవాళ్ళం. గుంత తగిలినప్పుడల్లా "స్తోత్రం" అనేది. అప్పట్లో మెదక్ నుంచి నిజాంపేట దాకా రోడ్డు ఎట్లా ఉండేదో ఎరిగినవాళ్ళకు, దేవునికి ఆమె ఎన్ని స్తోత్రాలు చెల్లించిందో వేరే చెప్పక్కర లేదు.

అత్తమ్మ పేరు యేసమ్మ. మిషన్‌లో బైబిల్ స్త్రీ. ఊరూరు తిరిగి ఆడవాళ్ళను కూర్చోబెట్టి వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం, పనిలో పనిగా ఎవరింట్లో కోడలు ఎట్లాంటిదో విచారించుకుని రావడం ఆమె ఉద్యోగం. మిషన్ దవాఖానలో చాలా ఏళ్ళు పనిచేసిన సిస్టర్ డోరతీ ఇంగ్లాండు తిరిగిపోతూ, తన చిన్న బి.ఎస్.ఎ. బ్యాంటమ్ బండిని "యేసమ్మ పనికి" అని మా ఇంట్లో వదిలిపోయింది. యేసమ్మకు అప్పటికి అరవై దాటాయి. ఆమె కొడుకు, అంటే మా ఆయన రిచర్డ్, హైస్కూల్లో భూగోళం చెప్పేవాడు. బండి తోలడం వచ్చు గాని బడి వేళలో తల్లిని ఊళ్ళకు తిప్పడం కుదరదు. మిగిలింది నేను. హైదరాబాద్‌లో కెమిస్ట్రీతో బి.ఎస్సీ. చదివి, మెదక్‌లో చారు కాస్తున్న ఎలిశిబాను. చీర కుచ్చిళ్ళు బిగించి ఆ బండి ఎక్కిన మొదటి రోజు మా వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. నెల తిరిగేసరికి, మేము పోతుంటే కుక్కలు కూడా లేవడం మానేశాయి.

నేను చెప్పబోయేది అరవై నాలుగులో వచ్చిన ఎండాకాలం సంగతి.

పరీక్షలయిపోయి బడి మూసిన రోజుల్లో, డ్రిల్లు మాస్టరు సుధాకర్ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. రిచర్డ్‌కు ప్రాణ స్నేహితుడు. హైదరాబాద్ అవతల, యుద్ధం నాడు విమానాలు దిగిన పాత మైదానంలో, ఎవరో క్లబ్బు వాళ్ళు మోటారు సైకిళ్ళ పందేలు పెడుతున్నారని వార్త తెచ్చాడు. మే నెలలో ఒక ఆదివారం. చిన్న బండ్లకు వేరే పందెం ఉందట.

"అన్నా, మన బ్యాంటమ్‌ను ఎక్కించొద్దా?" అన్నాడు.

"ఎక్కించొచ్చు. తోలేదెవరు?" అన్నాడు రిచర్డ్, తానే అన్న సంగతి అందరికీ తెలుసు గనక.

ఊరి బయట రామాయంపేట రోడ్డు మీద ఒక కల్వర్టు ఉంది. అక్కడిదాకా పోయి తిరిగి రావాలని అనుకున్నారు. బడి స్టాప్‌వాచీ సుధాకర్ చేతిలో ఉంది. రిచర్డ్ పోయి వచ్చాడు. దుమ్ము దులుపుకుంటూ, "గాలి ఎదురున్నది" అన్నాడు. "వదినె, మీరు గూడ ఒకపారి" అన్నాడు సుధాకర్, నవ్వులాటకే. నేను పోయి వచ్చాను. సుధాకర్ వాచీ చూశాడు. దాన్ని విదిలించాడు. ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"వదినె, ఏమనుకోకుండ్రి. ఇంకొకపారి పోయి రాండ్రి."

రెండోసారి ఇంకా తొందరగా వచ్చాను. మలుపులో నేను గేరు దించి లాగించుకుంటాను, ఆయన బ్రేకు మీద నిలబడతాడు. తేడా అంతే. రోజూ వెనక అత్తమ్మను పెట్టుకుని, ఎడ్లబండ్ల మధ్య, గుంతల మధ్య తిరిగినదాన్ని. ఒంటరిగా తోలడం నాకు సెలవు దినం లాంటిది.

రిచర్డ్ గట్టిగా నవ్వాడు. "తీ, నీ పేరే రాయిస్త. మెదక్ కెల్లి ఆడమనిషి వచ్చిందంటే హైదరాబాదోళ్ళు నోరు తెర్వాలె" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో అబద్ధం లేదు. నేను చాలాసార్లు వెతికాను.

అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"ఆదివారం నాడు పందేలా? అందులో ఆడపిల్లా? అందులో లాగు తొడుక్కొనా?"

"పది ఆజ్ఞల్లో బండి ఊసే లేదు గద అత్తమ్మా."

"విశ్రాంతి దినం ఊసున్నది."

"అది కూసోని చేసే పనే. నిలవడేది లేదు, నడిచేది లేదు."

"నీ నోటికి తాళం లేదే పిల్లా" అని లోపలికి పోయింది. చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. తర్వాత ఒక పొద్దున లేచి చూస్తే ఆమె అభ్యంతరం మాయమైంది. "పోండ్రి మరి, పైలంగ పోయి రాండ్రి" అన్నది, పళ్ళెంలో బియ్యం ఏరుతూ. నా వాదన బలమే అనుకున్నాను. చదువుకున్నవాళ్ళకు ఈ జబ్బు ఉంటుంది.

ఇక నూనె సంగతి. ఈ చిన్న బండ్లకు ఇంజన్ నూనెను పెట్రోలులోనే కలిపి పోయాలి. సిస్టర్ డోరతీ వదిలిపోయిన ఇంగ్లీషు మోటారు పత్రికల కట్టలో నేను ఒక సంగతి చదివాను. పందెం బండ్లకు అక్కడివాళ్ళు ఆముదం నుంచి తీసిన నూనె వాడతారట. ఇంజన్ ఎంత వేడెక్కినా అది జారుడు గుణం పోగొట్టుకోదు. నాకు నవ్వొచ్చింది. ఆముదం కోసం ఇంగ్లాండు దాకా ఎందుకు, మా పెరట్లోనే చెట్టు ఉంది.

గింజలు దోరగా వేయించి, రోట్లో దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, తడి పోయేదాకా మళ్ళీ కాచి, నాలుగు మడతల మల్లు గుడ్డలో వడకట్టాను. ఇల్లంతా వాసన. అత్తమ్మ వచ్చి చూసి, తలకు ఇంత రాసుకుని, "కడుపు శుద్ధికి తాపుతరు గాని బండికి తాపుడు నీ దగ్గరనే చూస్తున్న" అన్నది.

ఒక్కటే నియమం. ఆముదం పోసిన ఇంజన్‌లో ఇంకే నూనే కలవకూడదు. కలిస్తే రెండూ విరిగి, బంక కట్టి, ఇంజన్ పట్టేస్తుంది. అందుకని ట్యాంకు, కార్బురేటర్, గొట్టాలు అన్నీ విప్పి, పాత నూనె వాసన కూడా మిగలకుండా పెట్రోలుతో కడిగాను. ఈ సంగతి రిచర్డ్‌కు చెప్పాను. మరునాడు మళ్ళీ చెప్పాను. కూరలో ఉప్పు సంగతి చెబితే ఎట్లా తలూపుతాడో అట్లా తలూపాడు.

ఆ బండి కొత్త నూనె తాగి ఎట్లా ఉరికిందో మాటల్లో చెప్పలేను. పొద్దున్నే ఎండ ముదరక ముందు రోడ్డు మీదికి పోయేవాళ్ళం. సుధాకర్ పాత కాకీ డ్రిల్లు గుడ్డ తెచ్చిస్తే, నేను లాగు కుట్టుకుని చీర లోపల తొడుక్కునేదాన్ని. ఊరు దాటాక చీర తీసి వేపచెట్టు కొమ్మకు వేసి, మీద రిచర్డ్ పాత చొక్కాతో బండి ఎక్కేదాన్ని.

సాయంత్రాలు రిచర్డ్ నా పక్కన వరండాలో కూర్చుని అడిగేవాడు.

"మలుపుల గేరు ఎప్పుడు దించుతవు?"

"మైలురాయి కనపడంగనే."

"మోకాలు బయట పెట్టవేంది?"

"ట్యాంకుకు ఆనిచ్చి పెట్టాలె. బండి ఎటు పోతున్నదో మోకాలికే ముందు తెలుస్తది."

"జర ఇంజన్ వేడి చేసి పెడ్త రేపు. నువ్వొచ్చేసరికి తయారుంటది."

అట్లా ఇంజన్ వేడి చేయడానికి ఆయన రోజూ నాకన్నా ముందు పోయేవాడు. ఇంజన్ వేడెక్కడానికి కల్వర్టు దాకా పోవాల్సి వచ్చేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అన్ని ప్రశ్నలు అడిగింది లేదు. నాకు తెలిసినదంతా చెప్పాను. దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? నా మొగుడు నా మాట వింటున్నాడని పొయ్యి దగ్గర ఒక్కదాన్నే మురిసిపోయాను కూడా.

పందెం ముందు రోజు, లారీ డ్రైవరు బక్కయ్య ఖాళీ బండితో హైదరాబాద్ పోతుంటే, బ్యాంటమ్‌ను అందులో తాళ్ళతో కట్టాం. నా ఆముదం కలిపిన పెట్రోలు డబ్బా నా కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను. బయలుదేరేముందు అత్తమ్మ ప్రార్థన చేసింది. చెయ్యి మాత్రం రిచర్డ్ తల మీద పెట్టింది. తల్లి కదా అనుకున్నాను.

ఆ మైదానం మీద చెట్టన్నది లేదు. సిమెంటు బాట పొడుగునా రంగు పూసిన డ్రమ్ములు, మలుపుల దగ్గర గడ్డిమోపులు. లౌడ్‌స్పీకర్‌లో ఒకాయన ఇంగ్లీషులో మొదలుపెట్టి ఉర్దూలో ముగిస్తున్నాడు. బెంగళూరు వాళ్ళు, మద్రాసు వాళ్ళు, సికింద్రాబాద్ రైల్వే కాలనీల కుర్రాళ్ళు. తోలు కోట్లు, నల్ల కళ్ళద్దాలు. నేను చీర లోపల లాగుతో, ఎప్పుడు చీర తీసేయమంటారా అని చూస్తూ, చెమటతో నానిపోతున్నాను.

రిచర్డ్ సంచీ విప్పాడు. అడుగున తెల్ల ప్యాంటు ఉంది. ఇస్త్రీ మడత నలగలేదు. దాని కింద కొత్త కాన్వాసు బూట్లు.

"ఎలిశిబా, జర ఇటు రా. క్లబ్బోళ్ళు ఆడోళ్ళను తీసుకోరంట. సుధాకర్‌కు నిన్ననే తెల్సింది. నీకు బాధైతదని చెప్పలే. వచ్చినంక ఊకె తిరిగి పోవుడెందుకు, నేనే తోల్త తీ."

సుధాకర్ వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. అది కట్టే ఉంది.

 రూలంటే రూలు. ఆయనేం చేస్తాడు? బాధపడతానని దాచాడు, అంతే కదా. పద్నాలుగో నంబరు గుడ్డను నేనే ఆయన వీపుకు బిగించి కట్టాను. "గాలికి లేవకుండ చూడు" అన్నాడు. లేవకుండా కట్టాను.

ట్యాంకులో నా డబ్బా పెట్రోలు సగం పోశాను. ఇంజన్ స్టార్టు చేయగానే ఆముదం పొగ లేచింది. పక్కనున్న కుర్రాడొకడు ముక్కు ఎగబీల్చి, "కౌన్ భాయ్, సర్‌కు తేల్ లగాకే ఆయా?" అని, ఎవరో తలకు నూనె రాసుకుని వచ్చారంటూ అరిచాడు. నలుగురు నవ్వారు. రిచర్డ్ చెవులు ఎర్రబడ్డాయి. నా డబ్బాను కాలితో లారీ కిందికి తోసి, పక్కవాళ్ళ దగ్గర మామూలు నూనె కలిపిన పెట్రోలు అడిగి తెచ్చి, ట్యాంకు నింపడం మొదలుపెట్టాడు.

"వద్దండీ. ఆముదం మీద అది పోయొద్దు. ఇంజన్ పట్టేస్తది."

"మెల్లగ మాట్లాడు. అందరు ఇంటున్నరు."

"ఇంటే ఇననీయుండ్రి. అదన్న మొత్తం పారబోసి, కడిగి పోయుండ్రి. లేకుంటె నాదే పోయుండ్రి. రెండు కలపకుండ్రి."

"నీ వంటింటి లెక్కలు ఈడ వద్దు" అన్నాడు, నా మొహం చూడకుండా. బండి తోసుకుంటూ గీత దగ్గరికి పోయాడు. సుధాకర్ నా వైపొకసారి చూసి, ఆయన వెనకాలే పోయాడు.

నేను లారీ నీడలో నిలబడ్డాను. అప్పుడొక పిల్ల ఉరుక్కుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. సికింద్రాబాద్ ఆంగ్లో ఇండియన్ పిల్ల, తెలుగు కొంచెం విరిచి మాట్లాడుతుంది.

"అక్కా, సేఫ్టీ పిన్ ఉందా? నా నంబర్ ఊడిపోతాంది."

నా గాజుకున్న పిన్ను తీసి ఇచ్చాను. ఆమె వెనక్కి తిరిగితే నేనే పెట్టాను. తొమ్మిదో నంబరు.

"ఎవరిది ఈ నంబరు?" అన్నాను.

"నాదే. ఇంకెవరిది?"

"ఆడోళ్ళను తీసుకోరని చెప్పిన్రే."

"ఎవరు చెప్పిండ్రు? పోయినేడు గూడ తోలిన నేను. పేరు ఇస్తే సరి, ఎవరేం అడగరు." అంటూ ఆమె నా పాదాల వైపు చూసింది. చీర అంచు కింద కాకీ లాగు కనిపిస్తోంది. "మీరు గూడ రైడరేనా?"

"కాదమ్మా. నేను నూనె చూసుకుంటా" అన్నాను.

ఆమె నవ్వి, థాంక్స్ చెప్పి పరుగెత్తింది. ఎండ అంతే ఉంది, లౌడ్‌స్పీకర్ అంతే మొత్తుకుంటోంది. చీర అంచు కిందికి లాక్కున్నాను.

జెండా ఊపగానే అందరూ బండ్లు తోసుకుంటూ ఉరికి ఎక్కారు. మొదటి చుట్టులో రిచర్డ్ వెనకబడ్డాడు. రెండో చుట్టులో ఒక్కొక్కరినీ దాటడం మొదలుపెట్టాడు.  మలుపుకు ముందు గేరు దించే చోటు, ట్యాంకుకు ఆనించిన మోకాలు, తల వంచిన తీరు, అన్నీ నావే. నన్ను నేను దూరం నుంచి చూసుకుంటున్నట్టుంది. మెదక్ రిచర్డ్, మెదక్ రిచర్డ్ అని లౌడ్‌స్పీకర్ ఆయన పేరు రెండుసార్లు పలికింది. ముందు ఉన్నది తొమ్మిదో నంబరు, ఇంకొకతను, ఆ తర్వాత ఈయనే.

తర్వాత బండి గొంతు మారింది. మిగతావాళ్ళకు వినపడి ఉండదు. దగ్గు పట్టినదానిలా రెండుసార్లు ఆగి ఆగి లేచింది. అవతలి మలుపు దగ్గర తెల్లపొగ వచ్చి, వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి అడ్డం తిరిగింది. ఆయన గడ్డిమోపుల మీదుగా అవతల పడ్డాడు.

నేను పరుగెత్తాను. చీర అడ్డం పడుతుంటే రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, కాకీ లాగు లోకమంతా చూస్తుండగా పరుగెత్తాను. భుజం ఎముక విరిగింది, మిగతా ఒళ్ళంతా బాగానే ఉంది. కళ్ళు తెరిచి ఆయన నాతో అన్న మొదటి మాట: "నీ ఆముదం ముంచింది."

కట్టు కట్టించుకుని తిరిగి వస్తుంటే లారీలో అదే మాట బక్కయ్యతో అన్నాడు. "గట్లనా సారూ" అన్నాడు బక్కయ్య, అద్దంలో నన్ను చూస్తూ. లారీ మనోహరాబాద్ దాటింది. తర్వాత అడిగాను.

"తొమ్మిదో నంబరు ఎవరో చూసిన్రా?"

రిచర్డ్ కళ్ళు మూసుకున్నాడు. సుధాకర్ బయటికి చూశాడు. బయట చూడడానికి ఏమీ లేదు.

ఆ తర్వాత మా ఇంటికి మనుషుల రాకపోకలు మొదలైనాయి. చర్చి పెద్దలు, బడి మాస్టర్లు, వీధి వీధంతా. రిచర్డ్ మంచం మీద మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. వచ్చిన ప్రతివాళ్ళూ ఎట్లయిందని అడిగేవారు. ప్రతివాళ్ళకూ అదే జవాబు. మొదట్లో, "నూనె కొంచెం తేడా వచ్చింది" అన్నాడు. తర్వాత "ఇంట్ల చేసిన నూనె" అన్నాడు. వారం తిరిగేసరికి, "నేను వద్దంటనే ఉన్న, ఆముదం పోసింది" దాకా వచ్చింది. నేను చాయ్ కప్పులు అందిస్తూ విన్నాను. కథ పెరిగినకొద్దీ చక్కెర తగ్గించాను. ఎవరూ గుర్తించలేదు.

మెదక్ వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? "బండికి విరేచనాలు పట్టినయంట గద" అని బజారులో నవ్వుకున్నారు. "బీఎస్సీల గిదే నేర్పిన్రా?" అని ఒకామె చర్చి మెట్ల మీద నన్నే అడిగింది. "లేదు, ప్రాక్టికల్స్‌ల నేర్పిన్రు" అన్నాను. ఇంటికొచ్చి చాలాసేపు కూరగాయలు తరిగాను. అవసరమైనదానికన్నా ఎక్కువే తరిగాను.

ఒక మధ్యాహ్నం పెరట్లో ఇంజన్ విప్పాను. లోపల ముదురు తేనె రంగులో జిగట, పిస్టన్ చుట్టూ జిగురులా అంటుకుని ఉంది. గీకి, కడిగి, నునుపు చేసి, మళ్ళీ బిగించాను. బండి స్టార్టయింది. ఆ చప్పుడు లోపలికి వినిపించే ఉంటుంది. నేను లోపలికి పోయి మంచం పక్కన నిలబడ్డాను.

"మీరు పోసింది వేరే నూనె. నేను వద్దన్న. ఇన్నరా లేదా?"

ఆయన గోడ వైపు చూశాడు. "ఇన్న."

"మరి అందరికి నా పేరెందుకు చెప్తున్నరు?"

"జనానికి గివన్ని సమజైతయా? నేను బయట తిరిగేటోణ్ణి, ఎలిశిబా. పిల్లలకు పాఠం చెప్పేటోణ్ణి. నువ్వు ఇంట్లనే ఉంటవు. నిన్నెవరేమంటరు? పోనీ తీ."

అంత నెమ్మదిగా, అంత ప్రేమగా అన్నాడు. పందెంలో నా చోటు లాక్కున్నప్పుడు కూడా నాకు అంత చలి పుట్టలేదు.

"నా పేరు ఎప్పుడు తీసేసిన్రు?" అన్నాను.

"అసలు ఇయ్యనే లే" అన్నాడు.

అంటే ఆ సాయంత్రాలు, ఆ ప్రశ్నలు, వేడి చేసిన ఇంజన్లు, అన్నీ. బండి మీద గోనెసంచి కప్పి వచ్చాను. అత్తమ్మను ఎక్కించుకోనని నేను అనలేదు. ఆమె ఎక్కిస్తావా అని అడగలేదు. బస్సుల్లో పోయి వచ్చింది. ఒకరోజు నిజాంపేట నుంచి తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని తినకుండా లేచింది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఆడ వాక్యం ఇనే ఐలవ్వ అడిగింది. నీ కోడలు మొగన్ని పడగొట్టిందంట గద, గసొంటి దానెంబడి ఎట్ల తిరిగినవ్ యేసమ్మా, అని."

"మీరేమన్నరు?"

ఆమె చెంబు తీసుకుని పెరట్లోకి పోయింది.

రిచర్డ్ భుజం కట్టు విప్పిన వారం, మా ఇంట్లో స్తుతి కూటం పెట్టారు. ఆపద తప్పిన ఇంట్లో పదిమందిని పిలిచి, పాట పాడి, ఇంటివాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం మావాళ్ళ ఆనవాయితీ. ఏం జరిగిందో, దేవుడెట్లా కాపాడాడో, ఎవరిది ఏ తప్పో అందరి ముందు చెప్పుకోవాలి. ముందు గది నిండింది. చాపల మీద ఆడవాళ్ళు, బెంచీల మీద మగవాళ్ళు. సుధాకర్ గడప దగ్గర నిలబడ్డాడు. పాటయ్యాక రిచర్డ్ లేచాడు. బండి అడ్డం తిరిగిన చోటు, గడ్డిమోపుల్లో దేవుని హస్తం, అంతా చక్కగా చెప్పాడు. భూగోళం మాస్టరు కదా, దిక్కులతో సహా చెప్పాడు. నూనె దగ్గరికి వచ్చేసరికి, "ఇంటోళ్ళ తెలియనితనం వల్ల" అని మెత్తగా దాటించి కూర్చున్నాడు.

చర్చి పెద్ద లాజరు తల వంచి "ఆమేన్" అన్నాడు. తర్వాత వంటింటి గుమ్మంలో చాయ్ పళ్ళెంతో నిలబడిన నా వైపు తిరిగాడు.

"అమ్మా ఎలిశిబా, నువ్వు గూడ లేచి ఒక మాట చెప్పు బిడ్డా. తప్పైందని నోటితోని ఒప్పుకుంటే మనసు తేలికైతది. మేమందరం నీ కోసం ప్రార్థన చేస్తం. సిగ్గు పడకు."

అందరూ నన్ను చూశారు. నేను రిచర్డ్‌ను చూశాను. ఆయన చాప అంచులో ఊడిన ఈనె ఒకటి గిల్లుతున్నాడు. ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.  ఈనె విరిగింది, ఇంకొకటి పట్టుకున్నాడు.

పళ్ళెం కింద పెట్టాను. "నేను చెయ్యనిది నేనెట్ల ఒప్పుకోవాలె పెద్దయ్యా? ఎవరు చేసిన్రో వాళ్ళే చెప్పాలె."

"గర్వం మంచిది కాదు బిడ్డా" అన్నాడు లాజరు. ఆడవాళ్ళలో ఎవరో నాలుక చప్పరించారు. "అందరం తప్పు చేస్తం. చెప్పు."

"ఆ పిల్లను ఇడిసిపెట్టు లాజరన్నా" అన్న గొంతు వినిపించింది.

అత్తమ్మ లేచింది. గోడ పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు. కొంగు తల మీదికి సరిచేసుకుంది. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అమ్మా, నువ్వు కూసో" అన్నాడు రిచర్డ్.

"నువ్వు లేస్తవేమో అని చూసిన రా. ఇప్పటిదాంక చూసిన." ఆమె అతని వైపు తిరగలేదు. "నూనె తప్పు కాదు. వద్దు వద్దన్నా వేరే నూనె కలిపింది వీడు. మంచం మీద ఎలిశిబాతోని ఒప్పుకుంటుంటె నా చెవులతోని ఇన్న. సుధాకర్ ఆడనే ఉన్నడు, అడుగుండ్రి."

సుధాకర్ తల వంచుకుని, అవునన్నట్టు ఊపాడు.

"గంతే కాదు. పందెం తోలవలసింది ఎలిశిబా. వీడు ఆమె పేరే రాయిస్తనన్నడు. రాయించకు, నీ పేరు పెట్టుకో, ఆమెకు చెప్పకు అని వీనికి చెప్పింది నేను. మీ అందరికి వాక్యం చెప్పే యేసమ్మ."

 రిచర్డ్ తల ఎత్తలేదు. నా చేతులు ఖాళీగా ఉన్నాయి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లాజరు గొంతు సవరించుకున్నాడు. "పోనీ యేసమ్మా. తెల్వక చేసినవు. పడ్తదని భయపడ్డవు. తల్లి మనసు."

"తెల్వక కాదన్నా. పడ్తదని కాదు" అన్నది అత్తమ్మ, నన్ను చూస్తూ. "గెలుస్తదని నాకు ఎరుకే. గెలిస్తే నా కొడుకు చిన్నగైతడని, గెలుస్తదనే చేసిన. తప్పు నాది బిడ్డా."